ఏ మైదానానికి?

డిస్క్ గోల్ఫ్‌కి షార్జాలో మిగిలింది ఒక్క సాయంత్రం,
సంచిలో మూడు డిస్కులు.

కార్నిష్ పక్క మైదానం వద్దన్నాడు డ్రైవర్ నర్సింగం:
"సముద్రం దీస్కుంటే మల్ల ఇయ్యదు సార్."
హోటల్ వెనకది నున్నటి పచ్చిక,
తొమ్మిది బుట్టలూ చేయి చాస్తే అందుతాయట.
అంత మంచితనం నాకెందుకు?

ఎడారి వైపు ఇంకొకటుంది, నలభై నిమిషాలు.
ఇసుక, బుట్టలు, నడుమ గాఫ్ చెట్లు.
గాఫ్ అంటే ఏమిటంటే
"మన జమ్మే" అన్నాడు.
అంతే, బండి అటు తిరిగింది.

నాలుగో బుట్ట దగ్గరే
నా ఎర్ర డిస్కు కొమ్మల్లో కూర్చుంది.
గులకరాళ్లు విసిరాను.
అతను చెప్పు విసిరాడు. అదీ దిగలేదు.
చీకటి పడింది.

"ఉండనియ్ సార్. జమ్మి మీద పెట్టిన ఆయుధం
ఏడాదికి గదా దించేది" అని నవ్వి
ఒంటి చెప్పుతో బండి తీశాడు.