గుడ్డు వాటం

కుయిటో దారి పక్క మొక్కజొన్న చేను
దున్నక ఇరవై ఏళ్లు.
పాత యంత్రం మేకుకీ ఏడ్చేది,
సార్డీన్ డబ్బాకీ ఏడ్చేది.

ఇది వేరు. మోకాళ్ల మీద కూచుని చిలొంబో
మట్టిలోకి ఒకే శ్రుతి పంపుతుంది.
మందుపాతర నైట్రోజన్ నడిబొడ్డు గుండ్రం కాదు,
కోడిగుడ్డు వాటం;
ఇరుగుపొరుగు విద్యుత్తు ఎటు లాగితే
అటు ఒరిగి ఉంటుంది.
అయస్కాంతం అక్కర్లేదు.
తన శ్రుతి తాకితేనే పొర్లి,
సర్దుకుంటూ సన్నగా పలుకుతుంది.
వందసార్లు అడిగితే ఒక్క ఊఁ.

ఆ ఊఁని కూడా మింగేస్తోంది
ఊళ్లో రేడియో, ఫుట్‌బాల్ వ్యాఖ్యానం.
"గోల్ కొట్టి చావండ్రా!"

అర్ధవిరామం.
మళ్లీ అడిగింది.
ఊఁ.

ఎర్ర పుల్ల పాతింది.
చిలొంబో అంటే దారిలో పుట్టినది.
ఆ దారి
ఇంకా తెరవలేదు.