నాలుగో అంకె

సున్నా నాలుగు రెండు మూడు ఒకటి ఆరు.
మీటరు అట్లా అంటోంది.
తణికాచలం కూడా అదే అంటున్నాడు,
కాస్త గట్టిగా.

పుదుప్పేటలో పొద్దున పదిన్నర.
సందుకి రెండు వైపులా ఊడదీసిన తలుపులు, గుట్టలుగా బంపర్లు.
కూవం వాసన, కాఫీ కొట్టు వాసన,
ఏది ముందొస్తే ముక్కు దానిదే.

"ఒసాకా నుంచి ఓడలో దిగిన బండి మేడమ్.
ఒకే ఓనరు, ముసలి డాక్టరు,
ఆదివారం తప్ప బయటికి తియ్యలేదు."
ప్రతి బండికీ ఒక ముసలి డాక్టరు ఉంటాడు.
ముప్పై ఏళ్లుగా వింటున్నా.
వాళ్లంతా ఆదివారాలు ఎక్కడికి పోతారో
ఇంతవరకూ తెలీదు నాకు.

హైమావతి టీచరుది వలసరవాక్కం.
పిల్లలకి లెక్కలు చెప్పి దాచిన డబ్బు.
"పెంచలయ్యా, నువ్వు చూసి చెప్పు" అంది.

చూసేదానికి కళ్లు ఎందుకు?
బ్రేకు పెడలు మీద బొటనవేలు పెట్టా.
రబ్బరు మీద గీత లేదు, అరిగి అద్దమైంది.
పక్కన క్లచ్చిది మాత్రం కొత్తది,
ఒక కాలికే కొత్త చెప్పు వేసుకున్నట్టు.
సీటుకి దిగే వైపు అంచు కుంగిపోయింది:
ఎక్కి దిగి, ఎక్కి దిగి, ఎవరి తొడో.
బెల్టు చివరిదాకా లాగా.
లోపల దాక్కున్న జానెడు తెలుపు,
బయట తిరిగిందంతా టీ మరక రంగు.
తలుపు మందంలో, గీకినా పోని కాగితం ముక్క.
జపాను రాత నాకు రాదు.
అంకెలు వస్తాయి.

తొంభై ఎనిమిది వేల నాలుగు వందలకి ఆయిలు మార్చారు.

టీచరు నోటుబుక్కు తీసింది.
ఒకదాని కింద ఒకటి వేసి, గీత గీసి,
"యాభై ఆరు వేల ఎనభై నాలుగు
ఎక్కడికి పోయినయ్?" అని అడిగింది,
పెన్సిలు పోగొట్టుకున్న పిల్లాణ్ణి అడిగినట్టు.
తణికాచలం ఫోను మోగకుండానే ఎత్తాడు.

ఆమాటకొస్తే నేను అక్కడితో ఆగొచ్చు.
వద్దమ్మా అని చెప్పి, మూడొందలు తీసుకుని, ఇంకో బండి దగ్గరికి పోవచ్చు.
కానీ అద్దం మీద టార్చి వేసి ఉన్నా.
నాలుగో అంకె, ఆ మూడు,
వరసలో నిలబడక కొంచెం పైకి లేచింది.
దాని వీపు మీద సూది జారిన గీత.

డ్యాషు ఊడదీశా.
మీటరు వెనక నాలుగు స్క్రూలు.
మూడు నల్లవి, ఒకటి ఇత్తడిది.

అసలుది ఆ రాత్రి వానలో కాలవలో పడింది.
ఇంటికి పరిగెత్తి, కుట్టుమిషను పక్కనుంచి ఒకటి విప్పుకొచ్చి బిగించా.
కూలి ఎనిమిది వందలు.
రెండు బిర్యానీలు, మిగిలింది ఆర్ముగం మేస్త్రి బాకీకి.
మా ఆవిడ ఆ మిషనుకి దారం చుట్టి కుడుతోంది,
ఇప్పటికీ.

"టీచరమ్మా, మీ తీసివేత తప్పు."
ఆమె తలెత్తింది. ఆ మాట ఆమెతో ఎవరూ అనుండరు.
"నా చేతికొచ్చినప్పుడు లక్షా ముప్పై ఒక్క వేల ఐదు వందలు.
పంతొమ్మిది వేల దగ్గర ఆపా.
ఆ పైన తిరిగింది నిజం. అది కలపండి."

కలిపింది.
లక్షా యాభై నాలుగు వేల ఎనిమిది వందల పదహారు.
చాలాసేపు ఆ అంకెనే చూసింది.
నేను ఇత్తడి స్క్రూ విప్పి జేబులో వేసుకున్నా.
మీటరు ఒక పక్కకి వాలింది.

"ఇట్లా ఎన్ని బండ్లకి చేశావ్?"
"లెక్క పెట్టలేదమ్మా."

పేజీ తిప్పింది.
మార్జిను గీసింది.
ఒకటి వేసి, పక్కన చుక్క పెట్టి,
"చెప్పు" అంది.

మొదటిది పచ్చ వ్యాను.
ఎగ్మూరులో ఒక లాడ్జి ఓనరుది.