పంతొమ్మిదో నియమం

బ్రాడీపేటలో జిరాక్సు కొట్టు పైన గది.
రెండు డ్రమ్ముల మీద పడుకోబెట్టిన పాత తలుపు
మా యుద్ధభూమి.
గడియ ఊడిన చోట ఇంకా చిల్లుంది,
దాన్ని బావి అనుకుంటాం.
ఫ్రిజ్జు పెట్టెలో వచ్చిన థర్మకోల్ కొండలు,
నీలం టార్పాలిన్ ముక్క ఏరు,
బొటనవేలంత సైనికులు రెండొందల పదకొండు మంది.
అందరికీ కళ్ళు దిద్దింది హైమవతి.
ఒకడి చూపు ఇంకొకడి చూపులా ఉండదు.

నేను సర్వే ఆఫీసులో గొలుసు పట్టేవాణ్ణి.
సోమవారం నుంచి శనివారం దాకా
గెట్టు తగాదాల మధ్య నిలబడతాను.
జానెడు నేల కోసం అన్నదమ్ములు
నా టేపును చెరో వైపు లాగడం చూస్తాను.
ఆదివారం మళ్ళీ టేపే.
కాకపోతే ఇక్కడ గెలిచినవాడు
నేలను ఇంటికి పట్టుకుపోడు.

మొన్న ఆదివారం
ప్రభుదాసు గుర్రపు దండు ఏరు దాటింది.
కొండమీద నాగూర్ బాషా విలుకాళ్ళు ఏడుగురే మిగిలారు.
ఐదో ఆరో పడితే దండు ఆగుతుంది,
లేదంటే కొండ పోతుంది,
కొండతోపాటు మూడు గంటల ఆటా పోతుంది.
బాషా పాచికను గుప్పిట్లో ఊది వేశాడు.
దొర్లింది. బావి అంచున తచ్చాడింది. ఆగింది.
ఆరు.

అప్పుడే మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగింది.
ఘాటు కిటికీలోంచి వచ్చి
సరిగ్గా సాంబిరెడ్డి ముక్కులో కూర్చుంది.
వాడి తుమ్ముకి తలుపు అదిరింది,
రెండు గుర్రాలు బోర్లా పడ్డాయి,
పాచిక తిరగబడింది.
రెండు.

"ఆగింది, నేను చూశా."
"ఆగలా, ఊగతానే ఉంది."
"ఆగకపోతే ఆరని ఎట్టా చదివావు?"
"నేనెక్కడ చదివా? నువ్వు అరిచావు."

నియమాల పుస్తకం నూట నలభై పేజీలు.
వానకు, బురదకు, చీకటికి,
సైనికుడి భయానికి కూడా లెక్కలున్నాయి.
మిరపకాయ తెలియని వాళ్ళెవరో రాశారు,
తుమ్ముకి లేదు.

గొంతులు పెరిగాయి.
హైమ నోటుపుస్తకం తీసింది,
ఆ పుస్తకం చెప్పనివి మేం చెప్పుకుని రాసుకునేది.
అందులో నాలుగో పేజీ చింపేసి ఉంటుంది.
పావు అంగుళం గురించి ఏదో రాశాం దానిమీద.
ఆ పావు అంగుళానికి
ప్రభుదాసు ఏడు నెలలు మా మెట్లెక్కలేదు.
ఎవరిది ఒప్పో ఇప్పుడెవరికీ గుర్తులేదు.
వాడి ఖాళీ కుర్చీలో మేం
హెల్మెట్లు పెట్టుకోవడం మాత్రం గుర్తుంది.
ఒక ఆదివారం వాడే వచ్చాడు,
చెప్పులు విప్పి, హెల్మెట్లు కిందపెట్టి, కూర్చుని
"ఎవరి వంతు?" అన్నాడు.

చింపిన అంచు కనబడగానే
గది కాస్త నెమ్మదించింది.
ప్రభుదాసు వంగి, కన్ను బల్ల మట్టానికి దించి
విలుకాళ్ళలో ఒకడి మొహంలోకి చూశాడు,
రంగు పెచ్చులూడిన ముసలాడు వాడు.
"ఈడు ఆరే చూసుంటాడు రా" అన్నాడు,
"నా గుర్రాలు ఎనక్కి తీసుకుంటన్నా."
బాషా పాచిక తీసి వాడి చేతిలో పెట్టాడు.
"వద్దు. తుమ్మితే ఊడే గెలుపు నాకెందుకు?
మళ్ళీ వేద్దాం. నా బదులు నువ్వే వెయ్యి."

నాదంటే నాదనే తగాదాలకు
నా దగ్గర గొలుసుంది, హద్దురాళ్ళున్నాయి, పటం ఉంది.
నీదే తీసుకో, కాదు నీదే, అనే తగాదాని
ఏ రాయి దగ్గర మొదలెట్టి కొలవాలో
నాకెవరూ నేర్పలేదు.

ప్రభుదాసు వేశాడు.
మూడు.
బాషా తన ఏడుగురినీ
ఒక్కొక్కణ్ణే ఎత్తి పెట్టెలో పడుకోబెట్టాడు.
ఎవర్నని చెప్పకుండా ఒక బూతు తిట్టాడు.
సాంబిరెడ్డి మళ్ళీ తుమ్మాడు.

పంతొమ్మిదో నియమం, హైమ చేతిరాత:
తుమ్ము ఎవరిదైనా పాచిక మళ్ళీ వెయ్యాలి.
తుమ్మినవాడు టీలు తేవాలి.
కిటికీ మాత్రం ముయ్యకూడదు.