మొదటి పెట్టె

ఇరవై ఆరేళ్లు విల్నియస్‌లో ట్రాలీబస్సు నడిపాను.
తలుపులు మూసే ముందు ఒక్క క్షణం ఆగడం తప్ప
ఏ ప్రాణికీ నేను చేసిన మేలేమీ గుర్తు లేదు.
పెన్షన్ మొదలైన నెలలోనే
పైన్ అడవి అంచున చెక్క ఇల్లు కొన్నాను.
సంతలో ఒక ఖాళీ తేనెపెట్టె కొన్నాను.
ఈగల్నీ కొందామనే అనుకున్నాను.

"కొన్న ఈగలు నిలవవు," అంది పక్కింటి అపోలోనియా
బంగాళాదుంపల మట్టి గౌనుకి తుడుచుకుంటూ.
"వాటంతట అవి రావాలి,
లేదా ఎవరైనా పంచి ఇవ్వాలి."

జూన్‌లో ఆమె ఆపిల్ కొమ్మకి ఒక గుంపు వేలాడింది,
చెమట పట్టిన గుర్రం మెడలా
నల్లగా మెరుస్తూ, లోలోపల కదులుతూ.
కింద దుప్పటి పరిచి నన్ను నిచ్చెన ఎక్కించింది.
"ఒక్కటే కుదుపు. గట్టిగా."
నేను భయంభయంగా మూడుసార్లు కుదిపాను.
మేజోడుకీ ప్యాంటుకీ మధ్య
నాకు రెండు వేళ్ల చోటుందని
నాకంటే ముందు వాటికే తెలిసింది.

డబ్బు తియ్యబోతే చెయ్యి పట్టుకుంది.
మా భాషలో స్నేహితుడన్న మాట
తేనెటీగ అన్న మాటలోంచే పుట్టింది.
ఒక గుంపుని పంచుకున్నవాళ్లకి అదే వరస.
యాభై ఎనిమిదేళ్లు ఆ మాటని
డిపోలో అందరిమీదా వాడేశాను,
లోపల ఏముందో విప్పి చూడకుండా.

పొగడబ్బా ఊదితే ముందు నా కళ్లే లొంగిపోయాయి.
రాణిని వెతికాను. వారమంతా పోతుటీగనే రాణి అనుకున్నాను.
అపోలోనియా నవ్వి నవ్వి కంచె పట్టుకుంది.
జూలైకి మేం లిండెన్ చెట్టు పేరే పెట్టుకున్నాం.
ఆ నెల రాత్రుళ్లు
పెట్టె గుమ్మం దగ్గర రెక్కల హోరు వింటూ కూచునేవాణ్ణి.
అచ్చం డిపోలో
ఆఖరి బస్సు లోపలికొచ్చాక వినపడే కరెంటు హోరు.

ఇక నా తప్పు.
అక్టోబరులో, ఏ పనీ లేకపోయినా, చూడాలనిపించింది.
చట్రాలన్నీ తీసి చూశాను.
తీసిన వరసలో తిరిగి పెట్టలేదు.

జనవరిలో చెక్కకి చెవి ఆనిస్తే సన్నగా వినిపించేది.
ఫిబ్రవరిలో వినిపించలేదు.
నా చెవులు ముసలివయ్యాయనుకున్నాను.
అలా అనుకోవడమే నాకు తేలిక.

మార్చిలో మూత తీశాను.
గుప్పెడు ఈగలు, అరల్లో తల దూర్చి.
జానెడు దూరంలో, మైనపు మూత చెదరకుండా,
నిండు తేనె.

కంచె దగ్గరికెళ్లి చెప్పాను: "చచ్చాయి."
అపోలోనియా పార నేలకి గుచ్చింది.
మా దగ్గర చావుకి రెండు మాటలున్నాయి.
ఆవుకీ కుక్కకీ ఒకటి, మనిషికి ఒకటి.
తేనెటీగది మనిషి వరస.
నాకు తెలుసు. బళ్లో నేర్పారు.
"మళ్లీ చెప్పు," అంది.
"పోయారు," అన్నాను.
అప్పుడు వచ్చింది ఏడుపు, ఆ ఒక్క అక్షరానికి.

నన్ను ఓదార్చలేదు. పార చేతికిచ్చింది.
బిర్చ్ చెట్టు కింద గొయ్యి తీశాను.
"చట్రాలకి అంకెలు వేసుకో," అంది వెళ్తూ వెళ్తూ.

మేలో పెట్టె గీకి, సోడా నీళ్లతో కడిగి,
లోపలి చెక్కని మంటతో లేతగా కాల్చాను.
పది చట్రాలమీదా పెన్సిలుతో అంకెలు వేశాను,
బస్సు రూట్లలాగా.
మైనం వాసన పెరడంతా పాకింది.

ఇప్పుడే ఒక ఈగ వచ్చింది. ఒక్కటే.
గుమ్మం దగ్గర ఆగింది. లోపలికి నడిచింది.
గోడల్ని కొలుస్తోందో,
నా సంగతి ఎవరైనా చెప్పి పంపారో.
రేడియో కట్టేశాను.
మేజోడులోకి ప్యాంటు దోపుకుని
నిచ్చెన మెట్టుమీద కూచున్నాను,
తలుపు మూసే తొందరేమీ లేకుండా.