ఎరువు

హోబార్ట్ పోస్టాఫీసులో అమ్మాయి కాగితం ముందుకు తోసింది.
వస్తువు ఏమిటి? కత్తి.
ఎవరికి? బుయి లెలో, ఐనారో దగ్గర ఒక కొండ, తూర్పు తీమోర్.
వెల ఎంత?
అక్కడ నా కలం ఆగింది, లెకీ.

నీకు పదమూడో పద్నాలుగో.
నాకు ఇరవై రెండు, మలేరియా, కాళ్ళ నిండా పుళ్ళు,
మీ భాషలో వచ్చినవి మూడే మాటలు: నీళ్ళు, జపాను, పరుగు.
నా మూట నువ్వెత్తుకున్నావు.
తుపాకీ కూడా ఎత్తుకుంటానన్నావు, ఇవ్వలేదు.
నాలుగో రోజు ఏరు దాటుతూ జ్వరంతో కూలిపోతే
అడక్కుండానే తీసుకున్నావు.
నేను లేచేసరికి గొట్టానికి కొబ్బరినూనె రాసి
నా పక్కలో పెట్టావు, చంటిపిల్లని పడుకోబెట్టినట్టు.

యుద్ధం ఎవరిదని నువ్వెప్పుడూ అడగలేదు.
నేనూ చెప్పలేదు, నాకు తెలిస్తే కదా.
కబ్లాకీ కొండ మీద, మంచులో,
వేయించిన మొక్కజొన్న గింజలు లెక్కపెట్టి పంచేవాడివి.
బేసి గింజ ఎప్పుడూ నాకే వచ్చేది.
చాన్నాళ్ళకి గాని తెలియలేదు,
బేసి వచ్చేలా నువ్వు ముందే చూసుకునేవాడివని.

దాక్కోడానికి ముళ్ళపొద నరకాలంటే
మీ నాన్న కత్తి నా చేతికిచ్చావు.
కొమ్ము పిడి, పిడికి గుర్రపు వెంట్రుకల కుచ్చు.
"ఇది ఇంటిది" అన్నావు. "తరవాత ఇయ్యి."
తరవాత అన్న మాట ఎంత దూరం పోతుందో
ఆ వయసులో ఇద్దరికీ తెలీదు.

బెతానో ఒడ్డు. అర్ధరాత్రి. ఓడ దీపాలార్పుకుని వచ్చింది.
పడవలో మాకే చోటు.
మెడలోతు నీళ్ళదాకా వచ్చి మూట అందించావు.
ఆఫీసరు జాబితా చదివాడు.
అందులో వదిలేసిన గుర్రాల లెక్క ఉంది. నువ్వు లేవు.
"మళ్ళీ వస్తా" అన్నాను, ఇంగ్లీషులో.
నీకది అర్థం కాలేదని యాభై తొమ్మిదేళ్ళు నమ్మాను.
నమ్మితేనే నిద్ర పట్టేది.

కిందటి జూన్‌లో మోపెడు కృతజ్ఞత కట్టుకుని బయల్దేరాను:
ఒక పతకం, మా పాత సిపాయిలు పోగేసిన సొమ్ము,
బడికి కప్పు రేకులు,
జేబులో మడతపెట్టిన ఉపన్యాసం.
మీ చెల్లెలు తమలపాకు నములుతూ అంతా విన్నది.
"విధేయత" అన్న ముక్క దగ్గర దుబాసీ కుర్రాడికి చెమటలు పట్టాయి.
చివరికి వాడేం చెప్పాడో, ఆమె నవ్వింది.

"మీరు పోయాక వాళ్ళొచ్చి ఇళ్ళు తగలబెట్టారు.
అన్న ఆ వానాకాలమంతా ఒడ్డుకి పోయొచ్చేవాడు.
తరవాత ఇంకో యుద్ధం, డెబ్భై ఐదులో.
కొండెక్కాడు. దిగలేదు.
అప్పుడూ సముద్రం వైపే చూసేవాడట."

ఆ ఏడు నేనెక్కడున్నానో నాకు తెలుసు.
హువాన్ లోయలో ఆపిల్ కొమ్మలు కొడుతున్నాను.
రేడియోలో మీ దీవి పేరొస్తే
లేచి క్రికెట్ పెట్టాను.
ఏ కత్తితో కొడుతున్నానో చెప్పనా?

పతకం తీసుకుని మనవడి మెడలో వేసింది.
సొమ్ము లెక్కపెట్టకుండానే పక్కన పెట్టింది.
అప్పుడడిగింది:
"మా నాన్న కత్తి తెచ్చావా?"
కోపం లేదు.
పక్కింటికిచ్చిన జల్లెడ అడిగినట్టు అడిగింది.

ఎరువు సొమ్ము బరువు చేటు.
నా మూట నువ్వు మోశావు గనక
బరువంటే ఏమిటో నాకు ఇంతకాలం తెలియలేదు.

నిన్న తుప్పు వదలగొట్టాను. కొబ్బరినూనె రాశాను.
ఊడిపోయిన కుచ్చుకి
పక్కతోట గుర్రం తోక వెంట్రుకలు అడిగి తెచ్చి కట్టాను.
రంగు కలవలేదు.

"వెల రాయాలండీ, ఖాళీ వదిలితే తీసుకోరు.
పోనీ, బహుమతి గడిలో టిక్కు పెట్టనా?"

కాదమ్మా, బహుమతి కాదు.
వాపసు అనే గడి ఎక్కడైనా ఉందేమో
కాస్త చూడు.