శుక్రవారాలు

గ్రిమ్స్‌బీ చేపల రేవు పక్క సందులో మా షెడ్డు.
బ్రెండా వ్యాను మూడోసారి వచ్చింది,
లారీ వీపెక్కి.
డాష్‌బోర్డు మీద తాబేలు బొమ్మ వెలిగించి
నడిరోడ్డు మీద ఉలకదు పలకదట.
షెడ్డులోకి రాగానే ఎంత బుద్ధిమంతురాలో!

గ్లవ్‌లోకి గాలి పట్టి, మొదలు మెలిపెట్టి
చెంపకు ఆనించి వింటాను.
సూదిబెజ్జమంత నిట్టూర్పు వినపడినా
అది చెత్తబుట్టకే.

సర్వీస్ ప్లగ్ పీకి జేబులో వేసుకున్నాను.
ఇక పది నిమిషాలు ఏమీ ముట్టుకోకూడదు,
కెపాసిటర్లు తాగిందంతా దిగాలి.
డెనిస్ నా వెనక నిలబడ్డాడు
పసుపురంగు కొక్కెం కర్రతో.
నాకేమన్నా అయితే
నడుముకి తగిలించి లాగడం అతని పని.
పదిహేనో ఏట ఈ రేవులోనే
చేపల పెట్టెలు కొక్కేలతో లాగినవాడు.
"పెద్ద కాడ్ చేపంత ఉంటావు హైమా, అంతేగా" అన్నాడు.
ఆ పది నిమిషాల్లో మేమెప్పుడూ
పెద్ద విషయాలు మాట్లాడుకోం.

మూడు నారింజ కేబుళ్ళు విప్పి
ఇన్వర్టర్‌తో మోటారుకి వేరుకాపురం పెట్టించాను.
ఎవరి తప్పెంతో అప్పుడుగానీ తేలదు.
మూడు చుట్లకీ మిల్లీఓముల్లో తూకం:
పదకొండు, పదకొండు, పదకొండు.
అక్కచెల్లెళ్ళు ఒకే మాట మీదున్నారు.

మామూలు మీటరు పెట్టి
చుట్టకీ మోటారు ఒంటికీ మధ్య ఏముందని అడిగాను.
ఏమీ లేదంది.
తొమ్మిది వోల్టులతో మర్యాదగా అడిగితే
ఎవరు మాత్రం ఒప్పుకుంటారు!
మెగ్గర్ తీశాను. ఐదొందల వోల్టులు.
అప్పుడూ అదే మాట.
నిమిషమంతా అంకె పెరుగుతూనే పోయింది,
మంచి ఇన్సులేషన్‌కి ఉండాల్సినట్టే.

"పొగమంచు. మొదటినుంచీ చెప్తున్నా," డెనిస్.
"ఆగిన రోజులు గుర్తున్నాయా?" బ్రెండాని అడిగాను.
"శుక్రవారాలు" అంది తడుముకోకుండా.
"ఊరంతా చేప తినే రోజే చచ్చిపోతుంది,
అరవై పెట్టెల లోడుతో."

పెట్టెలంటే ఐసు.
ఐసంటే, కాసేపాగితే, నీళ్ళు.

వ్యాను వెనక తలుపు తీసి
రెండు బకెట్ల ఐసు కుమ్మరించాను.
బ్రెండా నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.
టీ తాగాం. ఇంకో టీ తాగాం.
చాపకింద నీరు అంటారు మా వైపు.
ఇక్కడది సామెత కాదు,
రబ్బరు చాప ఎత్తితే
ఎప్పుడో పీకేసిన అలమర తాలూకు మేకు కన్నం,
అందులోంచి చుక్క, చుక్క,
సరిగ్గా మోటారు టెర్మినల్ పెట్టె నెత్తిన.

మళ్ళీ మెగ్గర్.
ఈసారి అంకె ఎక్కలేదు.
రెండు మెగాఓములు... ఒకటి... అర...
మూడు చుట్లలో ఎవర్ని అడిగినా అదే జవాబు.
లోపల చేతులు కలుపుకున్న ముగ్గురు,
ఒకరు తడిస్తే అందరూ తడిసినట్టే.

మూత విప్పాను.
చిట్లిన సీలు, పచ్చటి చిలుము,
ఉప్పు గీత, గుప్పున హాడక్ వాసన.
డెనిస్ కర్ర గోడకానించి నవ్వాడు,
కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా.
"నలభై ఏళ్ళ కింద
ఈ కంపు భరించలేకే రేవు వదిలి
బండ్ల పనిలో చేరాను."

చిలుము గోకాం, ఆరబెట్టాం, కొత్త సీలు వేశాం.
నాలుగు పౌండ్ల సీలు. కన్నానికి ఒక బిరడా.
కొత్త మోటారుకి ఏడువేలని
వేరే షెడ్డువాళ్ళు రాసిచ్చిన కాగితం
బ్రెండా నాలుగు మడతలు పెట్టి
దేనికో దాచుకుంది.

సీట్లో కూర్చుని బటన్ నొక్కింది.
చీకటి. తాబేలు కూడా లేదు.
ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.
జేబులో ఏదో
తొడకి గుచ్చుకుంటోంది.