ముందే పెట్టిన టిక్కులు

రిచ్చీ స్ట్రీట్‌లో మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
మెట్ల మీదుగా సోల్డరింగ్ పొగ మాతోపాటే ఎక్కుతుంది.
సెల్వమణి అన్న నా బల్ల మీద పెన్‌డ్రైవు పెట్టి
"కొరుక్కుపేట తెలుగు బడికి నలభై పాత మిషన్లు,
రేపటికి" అన్నాడు.
అన్న నోట రేపంటే
నిన్నే అయిపోవాల్సిందని.

టూలు తెరిచాను. ఐఎస్ఓ ఎక్కడుందో చూపించాను.
స్టార్టు నొక్కగానే చిన్న కిటికీ ఒకటి
అన్నీ మాట్లాడేసుకున్నాక వచ్చిన మధ్యవర్తిలా
వినయంగా నిలబడింది.
ఐదు గడులు.
మూడింటికి అప్పటికే టిక్కులు.

ఎవరు పెట్టారో.
ఎక్కడో నిద్ర మానుకుని ఈ టూలు రాసినవాడు
నాకు పని తగ్గిద్దామనే పెట్టుంటాడు.
అతని మీద కోపం లేదు.
చదవకుండా ఓకే నొక్కడం మా ఇంటి పద్ధతి.
నన్ను ఒకటో క్లాసులో వేసిన రోజు
ఫారంలో మాతృభాష ఎదురుగా తమిళం అని అచ్చేసే ఉంది.
నాన్న దాన్ని కొట్టెయ్యలేదు.
కింద సంతకం పెట్టి
గుమాస్తాకి రెండు చేతులా దండం కూడా పెట్టాడు.

శని, ఆదివారాలు అదే పని.
నాలుగు పెన్‌డ్రైవులు, నలభై మిషన్లు,
వెన్ను సంగతి అడక్కండి.

సోమవారం పొద్దున రాజ్యం టీచరు ఫోను.
"ఏమ్మే, పిల్లకాయలు అడగతా ఉండారు,
ఆండాళు ఎవురని."

వెళ్ళాను.
నలభై తెరల మీద
స్వాగతం, ఆండాళు.
స్వాగతం, ఆండాళు.
ఇంత మర్యాద నాకెప్పుడూ జరగలేదు.
ఒక పిల్లాడు అది మిషను చేసిన కంపెనీ పేరనుకుని
నోటుబుక్కులో రాసేసుకున్నాడు కూడా.

అప్పుడు చదివాను, నా లాప్‌టాప్‌లో, నిలబడే.
మొదటి టిక్కు: ఇక్కడ వాడేవారి పేరే అక్కడా.
రెండోది: ఇక్కడి ప్రాంతం, ఇక్కడి గడియారమే అక్కడా.
కానీ ఇక్కడి గడియారం ఇక్కడిది కాదు.
రాత్రిళ్ళు నేను ఫోనెత్తే కంపెనీ ఊరిది,
సముద్రాలకవతల, నేను చూడని ఊరిది.
కొరుక్కుపేటలో తొమ్మిదింటి గంట కొడుతుంటే
తెరల మీద ఎనిమిదిన్నర, రాత్రి, ఆదివారం.
హాజరు పట్టీలో ఆరో తరగతి మొత్తం
ఆదివారం రాత్రి బడికొచ్చినట్టు పడింది.

మూడో టిక్కు మంచిదే.
ఈ మిషను సంగతులు ఎవరికీ చేరవెయ్యొద్దని.
దాని గురించి ఎవరూ ఫోను చెయ్యలేదు.

ఒక్కొక్కటే కూర్చుని మార్చాను.
పేరు తీసి పేరు. ఊరు తీసి ఊరు.
కిటికీ అవతల గూడ్సు బండి పోతూనే ఉంది,
పెట్టెలు లెక్కపెట్టడం మానేశాను.
నిజానికి ఆండాళు అన్నదీ నేను పెట్టుకున్నది కాదు.
మా ఇంట్లో మొదటి ఆడపిల్లకి అదే.
అవ్వకీ అదే, మేనత్తకీ అదే,
గడి ఖాళీగా ఉందా అని ఎవరూ చూడలేదు.
పిలిస్తే మాత్రం పలుకుతాను.

చివరి మిషను ముందు దేవసేన అనే పిల్ల
మౌసు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.
"దీన్ని మార్చొద్దక్కా."
ఎందుకే అన్నాను.
"ఇందులో ఇంకా ఆదివారమే కదా.
నేను హోంవర్కు చెయ్యలా."

టీచరు వరండాలో ఎవరితోనో మాట్లాడుతోంది.
నేను పెన్‌డ్రైవుకి మూత పెట్టాను.

బిల్లులో నలభై అనే రాశాను.